పక్కన నడిచి నేర్చుకునే చదువు

హైదరాబాదు మాదన్నపేటలో క్రైస్తవుడిగా బతకడమంటే నలుగురి కళ్ల ముందు బతకడం. ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఒక పక్క నుంచి అజాన్ వినిపిస్తుంది, ఇంకో పక్క గుడిగంట మోగుతుంది, ఆదివారం పొద్దున మా మందిరంలో పాడే కీర్తన వీధి మలుపు దాకా వెళ్తుంది. ఏ దుకాణంలో ఎంత ఉద్దెర పెట్టామో, ఇంట్లో ఎవరి మీద గొంతు లేచిందో, పనిచేసే అమ్మాయికి జీతం ఏ తారీఖున చేతిలో పెట్టామో ఇరుగుపొరుగుకు తెలుసు. తానీషా కొలువులో మంత్రిగా ఉన్న మాదన్న పేరు మీద వెలసిన పేట ఇది. పాత ఈద్‌గా, కూరగాయల మండీ, గుళ్లు, మసీదులు, సందుల్లో చిన్న చిన్న ప్రార్థన మందిరాలు అన్నీ పక్కపక్కనే. ఇలాంటి చోట ఎవరైనా యేసును వెంబడిస్తున్నానని చెప్పుకుంటే, ఆ మాట ఎంతవరకు నిజమో ముందుగా తెలిసేది వీధిలోని వాళ్లకే.

మాలో ఎవరైనా కొత్తగా పరిచయమైతే అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. రక్షణ పొందారా? బాప్తిస్మం ఎప్పుడు తీసుకున్నారు? ఏ సంఘానికి వెళ్తారు? ఇవి అడగవలసినవే. కానీ వీటి తర్వాత రావలసిన రెండు ప్రశ్నలు చాలాసార్లు రావు. ఎవరి పక్కన ఉండి నేర్చుకుంటున్నారు? మీ పక్కన ఉండి ఎవరు నేర్చుకుంటున్నారు? ఈ రెంటికీ జవాబు లేకపోతే విశ్వాసి ఉన్నాడేమో గాని శిష్యుడింకా తయారు కాలేదని నా నమ్మకం. ప్రసంగం విని సత్యం తెలుసుకోవచ్చు, పుస్తకం చదివి సిద్ధాంతం పట్టుకోవచ్చు. శిష్యరికం మాత్రం ఒక మనిషి పక్కన మరో మనిషి నడిస్తేనే వస్తుంది.

యేసు చేసిందీ అదే. ఆయన పన్నెండుమందిని ఏర్పరచుకున్న సంగతి చెబుతూ మార్కు సువార్త ఒక వరుస పాటిస్తుంది. మొదట వాళ్లు ఆయనతో కూడ ఉండాలి, ఆ తర్వాత ప్రకటించడానికి వెళ్లాలి. ఆయనతో ఉండటమే మొదటి పని. వలలు, సుంకపు మెట్టు వదిలి వచ్చినవాళ్లు గలిలయ దారుల వెంట ఆయనతో తిరిగారు. ఆయన అలసిపోయి పడవలో నిద్రపోవడం చూశారు. ఎవరూ దగ్గరికి రానివ్వని కుష్ఠురోగిని ఆయన చెయ్యి చాపి ముట్టుకోవడం చూశారు. ఊరంతా చీదరించుకున్న వసూలుదారుడి ఇంట్లో భోజనానికి కూర్చోవడం చూశారు. ఇంకా చీకటి ఉండగానే లేచి ఒంటరిగా ప్రార్థనకు వెళ్లడం చూశారు. మాకూ ప్రార్థన నేర్పు ప్రభువా అని ఒక శిష్యుడు అడిగిన సందర్భం లూకా సువార్తలో ఉంది. ఆయన ఒకచోట ప్రార్థన చేసి ముగించాక అడిగిన మాట అది. పాఠం కంటే ముందు ఆ పాఠాన్ని బతికిన మనిషిని వాళ్లు చూశారు.

ఆ పన్నెండుమంది చురుకైన విద్యార్థులని సువార్తలు ఎక్కడా చెప్పవు. ఎవరు గొప్ప అని దారిలో వాదించుకున్నారు. పిల్లల్ని తీసుకొచ్చినవాళ్లను గద్దించారు. ఆపద రాత్రి చెల్లాచెదురయ్యారు. ఆయన మాత్రం వాళ్ల పేర్లు కొట్టెయ్యలేదు. తనను ఎరుగనని బొంకిన పేతురు కోసం సరస్సు ఒడ్డున నిప్పుల మీద చేపలు కాల్చి, రొట్టె పెట్టి, భోజనం చేయమని పిలిచాడు. తిన్నాకే మాట్లాడాడు. శిష్యుణ్ణి తయారు చేయడంలో ఎంత ఓర్పు కావాలో ఆ ఒక్క పొద్దుటి భోజనం చెబుతుంది.

మా వీధిలో మోటార్‌సైకిల్ మెకానిక్ షెడ్డు ఒకటి ఉంది. పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లవాడు మొదట పానాలు అందిస్తాడు, నూనె గుడ్డతో పార్టులు తుడుస్తాడు, ఉస్తాద్ ఇంజిను చప్పుడు చెవిపెట్టి వింటుంటే తనూ వింటాడు. కొన్నాళ్లకు ఆ చప్పుడులో తేడా పట్టుకుంటాడు. ఎప్పుడు నేర్చుకున్నావని అడిగితే చెప్పలేడు. ఆత్మీయ జీవితంలో నేర్చుకోవలసినవాటిలో ఎక్కువ భాగం ఇలాగే వస్తుంది. కోపం వచ్చినప్పుడు నోరు ఎలా అదుపులో పెట్టుకోవాలో, చావు జరిగిన ఇంట్లో ఎంతసేపు మాట్లాడకుండా కూర్చోవాలో ఏ నోట్సులోనూ రాసుకోలేం.

తెలుగు నేల మీద ఈ సత్యానికి పెద్ద ఉదాహరణ ఒంగోలు. యెర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు. చదువు రాదు. దేవుణ్ణి వెతుక్కుంటూ రాజయోగం చెప్పే గురువుల దగ్గర అంతకుముందే శిష్యరికం చేశాడు. గురువు దగ్గర కూర్చోవడమంటే ఏమిటో ఆయనకు తెలుసు. యేసు సంగతి విన్నాక 1866లో ఆయనా భార్యా ఒంగోలులో బాప్తిస్మం తీసుకున్నారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లవ్ ఒంగోలులో కాపురం పెట్టింది ఆ ఏడాదే. పేరయ్య ఇంటికెళ్లి ఊరుకోలేదు. తెలిసినవాళ్లకు, చుట్టాలకు, ఊరూరా తిరుగుతూ చెప్పాడు. 1867 జనవరిలో క్లవ్ పేరయ్య పల్లెవైపు వెళ్లి చింతతోపులో డేరా వేస్తే, పేరయ్య దగ్గర విన్నవాళ్లు తిండి మూటలు కట్టుకుని మరీ వచ్చి కూర్చున్నారు. రోజుల తరబడి విన్నారు, అడిగారు, ప్రార్థించారు. ఆ తర్వాతే 28 మందికి బాప్తిస్మం ఇచ్చారు. చదువురాని తోళ్ల వ్యాపారి ముందు నడిస్తే చదువుకున్న దొర వెనక వెళ్లిన సందర్భమది.

వాళ్ల ముందు క్లవ్ పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని మానాలి, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవి. వెట్టి కింద నలిగే మాదిగపల్లెలో మాత్రం ఒక్కోటీ తలమీదికి వచ్చేదే. ఆదివారం పనికి రానంటే కరణం, రెడ్డి ఊరుకునేవారు కారు. జాతరలో డప్పు కొట్టనంటే ఊరంతా ఎదురు తిరిగేది. బావి దగ్గరికి రానివ్వలేదు, పనులు ఇవ్వలేదు, కొట్టారు. వాటిని ఒక్కడే నిలబడి తట్టుకోవడం ఎవరివల్లా కాదు. పల్లెలో నలుగురు కలిసి ప్రార్థించుకుని, ఉన్న గంజిని పంచుకుని నిలబడ్డారు.

అటు తర్వాత 1876-78 కరువు వచ్చింది. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని క్లవ్ గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. మాదిగ బోధకులే అక్కడ పని చూసేవారు. మట్టి మోసినవాళ్లు మధ్యాహ్నం కూర్చున్నప్పుడు బోధకులు వాళ్ల కష్టం విన్నారు, తమ నమ్మకం చెప్పారు. బాప్తిస్మం ఇమ్మని వందలమంది అడిగారు. క్లవ్ ఇవ్వలేదు. కూటికోసం వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదని, వాళ్ల మనసు వాళ్లకే తేటపడాలని దాదాపు పదిహేను నెలలు ఆపాడు. కరువు పనులు ముగిసి, ఇక ఇవ్వడానికి కూలీ లేదు, గింజలూ లేవని తెలిసిన తర్వాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చినవాళ్లు తెలుగు బోధకులే.

ఈ సంఖ్యను మన సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. నాకు మాత్రం దానికి ముందున్న పదిహేను నెలలే గొప్పవనిపిస్తాయి. ఇవాళ ఏ సంఘానికైనా అడిగినవాళ్లను అడిగినట్టే చేర్చుకోవాలని ఆతురత. ఆ కాలంలో ఆకలితో ఉన్న జనాన్ని పనిలో పెట్టి, పక్కన కూర్చుని, వాళ్ల పేర్లు, పల్లెలు, బాధలు తెలుసుకుని, అప్పటికీ తొందరపడకుండా ఆగారు. ఆశ చూపి కలుపుకున్నారనే నింద ఇప్పటికీ మన మీద పడుతూనే ఉంది. ఆ నిందకు వాదనతో జవాబు చెప్పలేం. క్లవ్ చూపిన ఆ నిగ్రహమే జవాబు. ఎవరి అవసరాన్నీ ఎరగా వాడుకోనివాడే యేసు శిష్యుడు.

ఒంగోలు దాకా వెళ్లనక్కర్లేకుండా మన నగరంలోనే మరో సాక్ష్యం ఉంది. ముషీరాబాద్‌లో గోల్కొండ చౌరస్తా దగ్గరి హెబ్రోను. పంజాబు సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, ఇంజనీరింగు చదువుకోసం ఇంగ్లండు, కెనడా వెళ్లి, అక్కడ క్రీస్తును నమ్మి 1933లో తిరిగొచ్చిన భక్తసింగ్ 1950లో స్థాపించిన సహవాసమది. ఆయనకు జీతమిచ్చే మిషను లేదు. ఎవరినీ డబ్బు అడగనని నిర్ణయించుకున్నాడు. మోకాళ్ల మీద గడిపిన గంటలే ఆయన పరిచర్యకు పెట్టుబడి. ఆయన పక్కన ఉన్న యువకులు ఒకే కప్పు కింద బతుకుతూ, వంట చేస్తూ, ఊడుస్తూ, వీధుల్లో సువార్త చెబుతూ నేర్చుకున్నారు. ఏటా జరిగే సమాజకూటాల్లో వేలమంది చాపల మీద బారులు తీరి కూర్చుని కలిసి తినేవారు. అధికారి పక్కన రిక్షా తొక్కే మనిషి, ఒక కులం పక్కన మరో కులం. ఆదివారం ఆరాధన తర్వాత పెట్టే ప్రేమవిందు ఇప్పటికీ ఎన్నో తెలుగు సంఘాల్లో అలవాటుగా ఉంది. చివరి ఏళ్లలో పార్కిన్సన్స్ జబ్బుతో మంచాన పడ్డ భక్తసింగ్‌కు సేవ చేసినవాళ్లు కూడా ఆ సహవాసంలో తయారైనవాళ్లే. 2000 సెప్టెంబర్ 17న ఆయన కన్నుమూసినప్పుడు నారాయణగూడ శ్మశానవాటిక దారి పట్టలేనంత జనం వచ్చారు.

దేశం బయట కూడా ఇలాంటి సాక్ష్యమే ఒకటి ఉంది. జర్మనీలో హిట్లర్ పాలన సాగుతున్నప్పుడు డీట్రిక్ బోన్‌హోఫర్ అనే యువ పాస్టరు ఫింకెన్‌వాల్డేలో కాబోయే పాస్టర్లకు శిక్షణ ఇచ్చే చిన్న పాఠశాల నడిపాడు. పొద్దుటి ప్రార్థన, పని, భోజనం, పాపపు ఒప్పుకోలు అన్నీ అక్కడ కలిసే జరిగేవి. 1937లో గెస్టాపో దాన్ని మూయించింది. శిష్యత్వం మీద ఆయన రాసిన ప్రసిద్ధ గ్రంథం అదే ఏడాది అచ్చయింది. ఏ మూల్యమూ చెల్లించకుండా, ఏమీ మారకుండా అందుకోవాలనుకునే కృప సంఘాన్ని చంపేస్తుందన్నది ఆయన బాధ. 1945 ఏప్రిల్ 9న ఆయన్ని ఉరితీశారు. కలిసి బతికి నేర్చుకున్నది ఒంటరిగా ఉరికంబం ఎక్కిన రోజున కూడా ఆయన్ని వదల్లేదు.

ఇవన్నీ పెద్దవాళ్ల కథలు. నాకు శిష్యరికం నేర్పినవాళ్లు మాత్రం ఈ పేట మనుషులే. మా సంఘంలో ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన్ని పెద్దయ్య అనేవాళ్లం. ప్రసంగాలు చేసేవారు కాదు. పొద్దున నన్ను వెంటబెట్టుకుని ఎటో ఒకవైపు బయల్దేరేవారు. ఒకరోజు చంచల్‌గూడ జైలు దగ్గరికి తీసుకెళ్లారు. కొడుకును చూడటానికి వచ్చిన ఒక ముసలమ్మ ములాఖత్ కోసం వరుసలో నిలబడలేక గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె మా సంఘం మనిషి కాదు, మా మతం కూడా కాదు. పెద్దయ్య ఆమె బదులు వరుసలో నిలబడ్డారు.

“నేనేం మాట్లాడాలి పెద్దయ్యా?” అని అడిగాను.

“ఏం మాట్లాడకు బిడ్డా. ఆమె సంచి పట్టుకో” అన్నారు.

ఎండలో ఆ సంచి పట్టుకుని నిలబడ్డ పూట చెరసాలలో ఉన్నవారిని దర్శించడం గురించి మత్తయి సువార్తలో ఉన్న మాటకు నాకు అర్థం తెలిసింది. తిరిగొచ్చేటప్పుడు కూడా ఆయన వాక్యం ఎత్తలేదు. దారిలో చాయ్ ఇప్పించి, ఆ ముసలమ్మ మళ్లీ ఎప్పుడు వస్తుందో గుర్తు పెట్టుకోమన్నారు.

మండీలో ఆకుకూరలు అమ్మే ఒకమ్మ కూడా నాకు గురువే. తెల్లవారక ముందే కట్టల మూట దింపుకుని, గోనె పరిచి, ఒక్కో కట్ట విప్పుతుంది. పాలకూర, కొత్తిమీర, పుంటికూర. లోపల కుళ్లిన ఆకు తీసి పక్కన పడేసి, మళ్లీ కట్టి, నీళ్లు చిలకరిస్తుంది. పైన లేతవి పెట్టి లోపల ముదురు ఆకు దాచడం ఎంత తేలికో ఆ బజారులో అందరికీ తెలుసు. ఆమె కట్ట లోపలా బయటా ఒకటే. బోణీకి ముందు తల వంచి రెండు మాటలు ప్రార్థించుకుంటుంది. ఎవరైనా పొరపాటున ఎక్కువ నోటిచ్చి వెళ్లిపోతే, ఆ నోటును కొంగు చివర విడిగా ముడివేసి, ఆ మనిషి మళ్లీ వచ్చేదాకా విప్పదు. ఆమె గిరాకీలో సగం పైగా ముస్లిం ఇళ్లవాళ్లే. సంచి ఆమె దగ్గర వదిలి మిగతా సామాను కొనుక్కోవడానికి వెళ్తారు.

భర్త పోయి, ఇద్దరు పిల్లలతో మా సంఘానికి వచ్చిన ఒక చిన్నామెకు ఆ అమ్మ తన గోనెలో సగం ఇచ్చింది. తన బేరానికి పోటీ అవుతుందని ఆలోచించలేదు. ఎవరి దగ్గర సరుకు కొనాలో చూపింది, కాంటా ఎలా చూడాలో నేర్పింది, విసిగించే గిరాకీతో ఓపిగ్గా ఎలా మాట్లాడాలో మాట్లాడి చూపించింది. ఎండెక్కి బేరాలు తగ్గాక చిన్నామె సంచిలోంచి సువార్త తీసి చదువుతుంది. పెద్దామెకు చదవడం రాదు. విని, తన బతుకులోంచి దానికి అర్థం చెబుతుంది. అక్షరం ఒకరిది, అనుభవం ఒకరిది. ఆ గోనె మీద జరిగే వేదపాఠం నేను విన్న పెద్ద పెద్ద సెమినార్లకు ఏమాత్రం తీసిపోదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పక్కన నడిపించే మనిషి తనే గమ్యమైపోయే ప్రమాదం ఉంది. పెళ్లి నుంచి ఉద్యోగం దాకా తన అనుమతి లేకుండా కదలకూడదనే నాయకులు, ప్రశ్న అడిగితే తిరుగుబాటు అనే నాయకులు అక్కడక్కడా కనబడుతున్నారు. అది శిష్యత్వం పేరుతో చేసే పెత్తనం. తనను అనుసరించమని కొరింథీయులకు రాసిన పౌలు, తాను క్రీస్తును అనుసరించే మేరకే అని హద్దు గీసుకున్నాడు. పాదాలు కడిగిన గురువు పేరు చెప్పుకునేవాడికి పాదాలు పట్టించుకునే హక్కు లేదు. పెద్దయ్య నన్ను ఎప్పుడూ తన మనిషి అని అనలేదు. తను పోయాక కూడా ఆ ముసలమ్మలాంటి వాళ్లకోసం నేను వరుసలో నిలబడగలిగితే చాలనుకున్నారు.

మన సంఘాలు శిష్యత్వాన్ని పరీక్షించుకోవలసిన చోటు మరొకటి ఉంది. ఒకే రొట్టెలో పాలుపొందుతాం, ఒకే గిన్నెలోది తాగుతాం, పెళ్లిచూపుల దగ్గరికి వచ్చేసరికి కులం అడుగుతాం. పేరయ్య వారసులమని చెప్పుకుంటూనే మాల సంఘం, మాదిగ సంఘం, పైకులాల సంఘం అని విడిపోతాం. గుండ్లకమ్మలో దిగినవాళ్లు అవమానాలకోర్చి సంపాదించుకున్న గౌరవాన్ని మన సంబంధాల పట్టీలో కుదించేస్తున్నాం. ఇది పాపమని వేదిక మీద నుంచి చెప్పడం ఒక ఎత్తు. మన పిల్లల పెళ్లిళ్లలో చేసి చూపించడం మరో ఎత్తు. రెండోది చేసినవాళ్ల పక్కన మాత్రమే తర్వాతి తరం ధైర్యం నేర్చుకుంటుంది.

ఇప్పుడు వాక్యానికి కొదవ లేదు. పొద్దున లేస్తే ఫోనులో పది ప్రసంగాలు వస్తాయి. పెద్ద మైదానాల్లో సభలు జరుగుతాయి. కొత్త సంవత్సరం రాగానే వాగ్దాన వాక్యం ఫ్రేము కట్టించుకుంటాం. వీటిలో మేలు ఉంది, కాదనను. ఐతే ఫోనులో ప్రసంగించే బోధకుడికి మన ఇంటి గొడవ తెలియదు, మన కొడుకు ఏ స్నేహాల్లో పడ్డాడో తెలియదు. మనం ఆసుపత్రిలో ఉంటే టిఫిన్ క్యారియర్ తెచ్చేది పక్క సందులోని విశ్వాసే. విన్నది బతుకులో దిగాలంటే మనల్ని పేరుపెట్టి ఎరిగినవాళ్లు, మన తప్పును మొహం మీద చెప్పగలిగినవాళ్లు, చెప్పాక కూడా మన ఇంట్లో అన్నం తినేవాళ్లు ఉండాలి.

ఈ వ్యాసం చదివే విశ్వాసులకు ఒక మనవి. మీ సంఘంలో కొత్తగా వచ్చినవాళ్లలో ఒక్కరిని ఎంచుకోండి. పదిమంది వద్దు, ఒక్కరు చాలు. వాళ్లను కూటానికి పిలవడంతో ఆగకుండా మీ ఇంటికి, మీ పనిచోటికి, మీరు పరామర్శకు వెళ్లే చోటికి వెంట తీసుకెళ్లండి. మీ ప్రార్థనతోపాటు మీ లెక్కల పుస్తకం కూడా వాళ్లకు చూడనివ్వండి. మీరు తప్పు చేసి క్షమాపణ అడగడం కూడా వాళ్లు చూడాలి. అలాగే మీకంటే ముందు నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లు చదువురానివాళ్లయినా సరే, వెళ్లి వాళ్ల పక్కన కూర్చోండి. యేసు లోకాన్ని మార్చడానికి పన్నెండుమందితో మూడేళ్లు తిరిగాడు. అంతకంటే దగ్గరి దారి ఆయనకే దొరకలేదు, మనకూ దొరకదు.